బూజుకర్రతో సన్మానం

మా అమ్మాయి చదివిన బడి హెడ్మాస్టరు గారు ఎవరికైనా కాదని చెప్పాలంటే ముందు రెండడుగులు వెనక్కి వేసి, "తప్పుగా అనుకోకమ్మా" అనేవారు.

కరోనాకు బళ్లు మూసిన రోజుల్లో, మా ఊరి ఆసుపత్రి నర్సునని నన్ను బడికి పిలిచి సన్మానం చేశారు. "ఈవిడ మనపాలిట దేవత!" అని మైకులో పొగిడి, శాలువాను మాత్రం బూజుకర్ర కొసన తగిలించి దూరం నుంచే నా భుజాల మీద పడేశారు. పక్క కల్లంలో మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్లు గోడ మీదుగా చూశారు.

"ఏందే, పామును పట్టినట్టు కప్పుతున్నాడు!" అని ఒకామె పకపకా నవ్వింది.

ఫొటో అయ్యాక అడిగాను. "టీచర్లు రోజూ ఈ ఖాళీ గదుల్లోంచే ఫోన్లో పాఠాలు చెబుతున్నారు కదండీ. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాతో డ్యూటీకొస్తుంది. మా పిల్లకి పదో తరగతి పరీక్షలు. వెనక బెంచీలో కూర్చోనివ్వండి."

రెండడుగులు వెనక్కి వేశారు. "తప్పుగా అనుకోకమ్మా. ఆసుపత్రి వాళ్ల పిల్లను రానిస్తే నలుగురూ ఏమంటారు?"

"మరి నన్నెందుకు పిలిచారండీ?"

"నువ్వు రాకపోతే సన్మానం ఎవరికి చేస్తామమ్మా?" అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

మర్నాటి నుంచి మా పిల్ల కల్లంలో, అటువైపు తెరుచుకునే తరగతి కిటికీ కింద గోనెపట్టా వేసుకుని కూర్చుంది. అది గమనించిన లెక్కల టీచరమ్మ గొంతు పెంచి చెప్పింది. మూడు రోజులు పాఠాలు చక్కగా సాగాయి.

నాలుగో రోజు హెడ్మాస్టరు గారు మిరపఘాటు వస్తోందని ఆ కిటికీ మూయించారు. ఆ బడి కట్టకముందు నుంచీ ఆ కల్లం అక్కడే ఉంది.