ఇరవై బంతులు... ఏసోబన్న

మా చిన్నప్పుడు... వేసవి సాయంత్రం నాలుగయితే గూడూరు రైల్వే ఇన్‌స్టిట్యూట్ వెనక తడిమట్టి వాసన లేచేది. ఏసోబన్న టెన్నిస్ కోర్టు ఊడ్చి, నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు దిద్దేవాడు. కోర్టు చూసుకునే ఆయన్ని అందరూ మార్కర్ అనేవాళ్ళు. పెద్దవాళ్ళలో ఒక మనిషి తక్కువైతే బ్యాటు పట్టుకొని నిలబడేదీ ఆయనే.

మా నాన్నగారు స్టేషన్లో బుకింగ్ క్లర్కు. నేను ఏడో తరగతి ముగించిన వేసవి అది.

పిల్లలు ఆ కోర్టులో ఆడాలంటే ఒక షరతు ఉండేది. ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ అయిన గార్డు రెడ్డిగారు అవతల నిలబడతారు. మనం వరసగా ఇరవై బంతులు తప్పకుండా వల దాటించి గీతల లోపల వేయాలి. వేసవికి ఒక్కటే అవకాశం. అంతకుముందు ఏడు నేను నాలుగో బంతిని ఏకంగా ప్రహరీ దాటించాను...

అమ్మ అప్పటికే తీర్మానించింది. వచ్చే ఏడు ఓణీ వేయాల్సిన పిల్లకు మైదానంలో గంతులేమిటని ఆమె బాధ. నాన్నగారు బతిమాలితే ఒక మెట్టు దిగింది. ఈసారి నెగ్గితే ఆడుకోవచ్చు... లేదంటే బ్యాటు అటక మీదికి, నేను వంటింట్లోకి.

వెళ్ళి నేర్పమని ఏసోబన్నను అడిగాను. పెద్దలు వచ్చేది ఐదింటికి. ఆ ముందు అరగంట నాకిచ్చాడు... పెద్దలెవరూ ఆయన్ని ఇవ్వమనలేదు.

మొదటి రోజు నాన్నగారి బరువైన కర్ర బ్యాటు ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి బాదాను. ఆ బంతి ఎక్కడ పడిందో కూడా ఏసోబన్న చూడలేదు.

"కొట్టబాక పాపా... పంపించు."

బంతిని కొట్టక ఇంకేం చేస్తారు? అవతలి మనిషికి మజ్జిగ గ్లాసు ఎట్ట అందిస్తావో అట్ట అన్నాడు.

నాలుగు రోజులు బంతే లేదు. ఉత్త ఊపు. బంతి నేలను తాకేలోపే భుజం తిరగాలి, బ్యాటు వెనక్కి పోవాలి. నడుము ఎత్తులో, ఒంటికి ముందే బంతిని కలవాలి. ఆ తర్వాత చెయ్యి మధ్యలో ఆగకుండా ఎడమ భుజం దాకా రావాలి...

అయిదో రోజు నోటుబుక్కు తెమ్మన్నాడు. ఎన్ని తప్పినాయో కాదు, ఎట్ట తప్పినాయో రాసుకోమన్నాడు. లెక్కలంటే నాకు ప్రాణం. మూడు గడులు గీశాను. వలలో, గీత అవతల, పక్కకు. వారం తర్వాత కూడి చూస్తే సగానికి పైగా వలలోనే! ప్రహరీ దాటిన బంతులకే అందరూ నవ్వేవాళ్ళు కాబట్టి, నా జబ్బు అదే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

వల మీద మూరెడు ఎత్తున ఒక కిటికీ ఉందనుకొని, అందులోంచి పంపమన్నాడు. అదీ మధ్యలోంచే, వల అక్కడే కిందికి ఉంటుంది కాబట్టి. సముద్రపు గాలి ఎదురైతే ఇంకో జానెడు పైకి.

అంతా కుదిరింది... కానీ పద్నాలుగో పదిహేనో బంతి దగ్గర రోజూ తప్పేది. ఒకరోజు ఏసోబన్న వల దగ్గరికి వచ్చాడు.

"నీ పెదాలు కదలతా ఉండాయి పాపా. పద్నాలుగు అనుకున్నావు, పదిహేనోదాన్ని ఎత్తేసినావు. లెక్క రెడ్డిసారు చూసుకుంటాడు. నువ్వు ఈ ఒక్క బంతినే చూడు."

లెక్కపెట్టకుండా ఉండటం నాకు చేతకాదన్నాను. అయితే బంతి నేల మీద పడగానే 'పడె' అనుకో, బ్యాటుకు తగలగానే 'పోయె' అనుకో అన్నాడు. నోటికి పని ఉంటే అంకెలు రావట.

పరీక్ష రోజు నాన్నగారు డ్యూటీ మార్చుకొని వచ్చారు. చెమట చేతులు పావడాకు తుడుచుకున్నాను. పడె... పోయె. పడె... పోయె... రెడ్డిగారు మెల్లగా నన్ను ఎడమ మూలకు నెట్టడం మొదలుపెట్టారు. దొరకని బంతిని ఎత్తుగా మధ్యలోకి పంపి, మళ్ళీ నా చోటికి వచ్చి నిలబడ్డాను. పడె... పోయె...

చివరికి ఆయన బంతే వలలో పడింది. తువాలుతో మొహం తుడుచుకుంటూ ఎన్నమ్మా అని అడిగారు.

"తెలియదు సార్. నేను లెక్కపెట్టలేదు."

నాన్నగారి వైపు చూశారు. ఆయనా తల అడ్డంగా ఊపారు.

"నాకూ పద్దెనిమిది దాకానే గుర్తుండాది. ఆపైన ఈ పిల్లను ఎట్ట ఓడించాలా అనే ధ్యాసలో పడిపోయినా. చాలా దాటినాయిలే... రేపు ఐదింటికి రామ్మా."

ఇంటికొచ్చి చెప్తే అమ్మ పులుసు కలుపుతూ వెనక్కి తిరగలేదు.

"ఓణీ వేసినాక, దాన్ని దోపుకొని ఆడు. చినిగితే నువ్వే కుట్టుకోవాల."

మూడు చినిగాయి. మూడూ నేనే కుట్టుకున్నాను.

ఇప్పుడు నాకు అరవై తొమ్మిది. వారానికి మూడు సాయంత్రాలు కాలనీ కోర్టులో డబుల్స్ ఆడుతున్నాను. మంచి మంచి బ్యాట్లు, ఫోన్లో వీడియోలు ఉన్న కుర్రవాళ్ళు ఇంకా గట్టిగా కొట్టడం ఎలాగని అడుగుతారు. ముందు నోటుబుక్కు తెరవమంటాను. ఎవరూ తెరవరు.

పరీక్ష హాల్లో, కాన్పు గదిలో, మా వారు పోయిన ఏడాదిలో... ఒక్కో బంతే చూసుకుంటూ వచ్చాను. ఆ అరగంటల చలవే ఇదంతా.

ఇన్‌స్టిట్యూట్ హాల్లో చెక్క పలక మీద గెలిచినవాళ్ళ పేర్లు రాసేవాళ్ళు. తర్వాత్తర్వాత నా పేరూ రెండుసార్లు ఎక్కింది. నేర్పినవాళ్ళకు ఆ పలక మీద చోటు లేదు. ఇప్పుడు కోర్టులు పెరిగాయి, దీపాలు వచ్చాయి... ముందుగా వచ్చి, అడగగానే అరగంట ఇచ్చే మనుషులే తగ్గారు.

మీకు ఏ ఆటయినా ఓపికగా నేర్పిన మనిషి ఉంటే కింద రాయండి. ముద్దుపేరు కాదు, పూర్తి పేరు, ఊరు. అన్నీ అడిగి రాసుకునే నేను... ఏసోబన్న ఇంటిపేరు ఏనాడూ అడగలేదు.