ఆవు తోక పట్టుకుని నడిచిన మా అన్న

నన్ను మొదట పిరికిదని పిలిచింది మా అన్నే. చిన్నప్పుడు పొద్దు గూకాక, నల్లంపల్లి దగ్గర ఆవుల్ని మేపుకుని ఇంటికి వస్తూ నేను ప్రతి రాయికీ తట్టుకునేదాన్ని. "దయ్యం పట్టుకుంటాదనా మే, పిరికిదానా!" అని నలుగురిలో నవ్వేవాడు. తను మాత్రం పెద్దావు తోక పట్టుకుని దర్జాగా నడిచేవాడు. ఆవంటే ఎంత ప్రాణమో అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ నవ్వూ, ఆ మెప్పూ రెండూ నాకు గుర్తున్నాయి.

ఈమధ్య పక్క నుంచి వచ్చే బండ్లు కూడా కనబడకపోతే, మొరప్పూర్‌లో రైలెక్కి సేలంలో కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ బొమ్మ చూపించి చెప్పింది. కంటి వెనక గోడకు రెటీనా అనే పల్చటి పొర ఉంటుంది. అందులో మళ్ళీ పొరలు. వెలుగు ముందున్న నరాల పొరలు దాటి, అన్నిటికంటే వెనకున్న కణాలను చేరాలి. శంకుకణాలు పగటి వెలుగుకూ రంగులకూ, దండకణాలు మసక వెలుగుకూ. నా దండకణాలు చచ్చిపోతున్నాయి. పుట్టుకతో వచ్చిన లోపం.

ఇంకో మాట చెప్పింది. ఈ కణాలు చీకట్లో ఊరుకోవట. పక్క కణానికి ఒక రసాయనం వదులుతూనే ఉంటాయట. వెలుగు పడితే తగ్గిస్తాయి. ఆ తగ్గడమే కబురు. పక్క కణం దాన్ని పట్టుకుని లోపలి పొరకు అందిస్తే, అక్కణ్ణుంచి నరం మెదడుకు చేరుస్తుంది.

చివర్లో, మా అమ్మానాన్నలది మేనరికమా అని అడిగింది. అవునన్నాను. "మీ బిడ్డను మీ తోబుట్టువుల ఇంట్లో ఇవ్వొద్దు. రెండు వైపులా ఈ లోపం ఉంటే పుట్టేవాళ్ళకు రావచ్చు" అంది.

నా కూతుర్ని అన్న కొడుక్కి ఇస్తామని మాటిచ్చేశాం. నిచ్చయతార్థానికి తాంబూలం కొనడమే మిగిలింది.

నేరుగా అన్న ఇంటికి వెళ్ళాను. వదిన పాలు పిండుతోంది. జబ్బు సంగతి చెప్పగానే, "అయ్యో, నీకూ అదేనా? మీ అన్నకూ ఆ డాక్టరమ్మ అదే చెప్పె కదా" అని నాలిక కరుచుకుంది.

పెళ్ళి మాట రాకముందెప్పుడో అన్న బావికి మోటారు కొనడానికని సేలం వెళ్ళి, మోటారు లేకుండా తిరిగొచ్చాడు. అప్పుడన్నమాట.

అన్న అరుగు మీదే ఉన్నాడు.

"తెలిసే నా బిడ్డను అడిగినావా అన్నా?"

"నీకు లేదనుకున్నాను మే. మనింటి పిల్ల మనింటికే వస్తాదని, వేరే ఏమీ లేదు. డాక్టర్లు వెయ్యి చెప్తారు. మన తాతలు చేసుకోలేదా, మన..."

"నేను తట్టుకుని పడితే నవ్వినావే. నీకూ కనబడదని తెలిసే నవ్వినావా?"

అన్న ముఖం ఆవు వైపు తిప్పుకున్నాడు.

"నిచ్చయం లేదు, ఏమీ లేదు" అన్నాను.

పొద్దు వాలుతోంది. "ఆవును తోలుకొని పో. ఇల్లు దానికి తెలుసు" అన్నాడు నేల చూస్తూ. వద్దన్నాను. ఫోన్ చేస్తే నా కూతురు వచ్చింది. దాని చెయ్యి పట్టుకుని నడుస్తూ, నా కళ్ళ సంగతీ, వాళ్ళ మామ కళ్ళ సంగతీ ఇల్లు చేరేలోగా మొత్తం చెప్పేశాను.