అంటించింది అక్కే

పడవల షెడ్డులో ఆమెను వయసులో పెద్దవాళ్ళు కూడా అక్క అనే పిలిచేవారు. నిజానికి ఆమె ఒక్కడికే అక్క. తల్లిదండ్రులు పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని ఆ షెడ్డులో ఊడ్చే పనికి చేరింది. వాడు రంపం పట్టే వయసుకు వచ్చేసరికి ఆమె అమరికల పనిలో చెయ్యి తిరిగిపోయింది. పడవ అంచున రబ్బరు పట్టీ, కిటికీ చట్రం, లోపలి గోడకు చెక్క పలక, మెట్ల పక్కన పట్టుకునే కడ్డీ... ఏది దేనితో అంటుకుంటుందో తేల్చడం ఆమె పని.

కొత్త బంక వస్తే డబ్బా మీద రాసింది చదివి ఊరుకునేది కాదు. చెక్క ముక్కకూ ఫైబరు ముక్కకూ మధ్య పూసి నీళ్ళ తొట్టిలో పడేసేది. తర్వాత ఎండలో పెట్టేది. ఆపైన ఉలి పెట్టి పీకి చూసేది.

"పోలీసు ఉద్యోగానికి కూడా ఇన్ని పరీక్షలుండవక్కా" అని పెయింటరు ఎగతాళి చేసేవాడు.

"పోలీసు తప్పు చేస్తే జనం తిట్టుకుంటారు. ఇది ఊడితే తిట్టడానికి జనం మిగలరు" అనేది.

పెళ్ళి ఊసెత్తినవాళ్ళకు, వీడొక దారిన పడనీ అని చెప్పి తప్పించుకుంది. వాడు దారిన పడ్డాడు. మాటకారి, చురుకైనవాడు, యజమానికి నచ్చాడు. మేస్త్రీ అయ్యాడు. అక్క తమ్ముడి చేతికింద పనిచెయ్యాల్సి వచ్చింది. అందుకామె చిన్నబుచ్చుకోలేదు సరికదా, నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది.

రేవు దాటించే ప్రయాణికుల పడవ ఒకటి షెడ్డులో ఉన్నప్పుడు ఇద్దరికీ మాట తేడా వచ్చింది. గొడవంతా మెట్ల పక్క కడ్డీ గురించి.

"అక్కడ రంగు గీకేసి, వెనక రేకు పెట్టి, బోల్టులు బిగించాలి. చుట్టూ సాగే బంక పూస్తే నీరు దూరదు. బంక పని అంతవరకే" అంది అక్క.

"బోల్టులంటే లోపలి పలకలన్నీ మళ్ళీ విప్పాలి. పడవ దింపుతామని అయ్యగారు మాటిచ్చేశారు. గట్టి బంక తెప్పించాను. ఏనుగు లాగినా రాదట. అది రాసి అంటించెయ్."

"బంక ఊడదురా. దాని కిందున్న రంగు ఊడుతుంది."

"అందరి ముందూ నా పరువు తియ్యకక్కా."

ఆ మాట దగ్గర ఆమె మెత్తబడింది. పనివాళ్ళు చేతులాపి చూస్తున్నారు. ఇవాళ వీడి మాట పడిపోతే రేపు వీణ్ణి ఎవరు ఖాతరు చేస్తారు అనుకుంది. డబ్బా మూత తీసి కడ్డీకి బంక రాసింది. అది పట్టేదాకా తన చేత్తోనే అదిమి పట్టుకుని నిలబడింది.

వానలు వెళ్ళాయి, ఎండలు కాశాయి. ఒక ఉదయం బట్టలు కుట్టి బతికే ఒకావిడ మూటతో పడవ మెట్లు దిగుతూ కడ్డీ పట్టుకుంది. కడ్డీ ఆమెతోపాటే వచ్చేసింది. రేవు రాళ్ళ మీద పడి ఆమె కుడి మణికట్టు విరిగింది.

యజమాని ఆ కడ్డీ పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. బంక చెక్కుచెదరలేదు. దాని అడుగున పడవ నీలిరంగు పెచ్చులా లేచి వచ్చింది.

"ఎవరు అంటించారిది?"

పెయింటరు మేస్త్రీ వంక చూశాడు. మేస్త్రీ నేల చూపులు చూశాడు.

"అక్క అంటించిందండీ" అన్నాడు.

అబద్ధమేమీ కాదు. నేనే అంటించమన్నాను అని ఇంకొక్క మాట కలుపుతాడేమోనని ఆమె వాడి మొహంలోకే చూసింది. వాడు జేబులో కొలత టేపు వెతుక్కున్నాడు. యజమాని రేపట్నుంచి రావద్దన్నాడు. ఉలీ గరిటా గుడ్డలో చుట్టుకుని ఇంటికి వచ్చేసింది.

సాయంత్రం తమ్ముడొచ్చాడు. "నా ఉద్యోగం పోతే పిల్లలు రోడ్డున పడతారక్కా. నువ్వంటే ఒక్కదానివి" అన్నాడు.

ఒక్కదాన్ని ఎందుకయ్యానో వీడికి గుర్తే లేదన్నమాట అనుకుంది.

కొన్ని వారాల తర్వాత ఆమె, పడవ దగ్గర పడిపోయిన ఆ దర్జీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. కట్టు విప్పారు కానీ ఎముక వంకరగా అతుక్కుంది. కత్తెర పట్టడం కుదరదు.

"ఎవరండీ మీరు?"

"ఆ కడ్డీ అంటించింది నేనేనమ్మా."

దర్జీ ఆమెను ఎగాదిగా చూసింది. "తెలియక చేశారా?"

తెలియక అనేస్తే తీరిపోయేది. "తెలిసే. బోల్టుల్లేకుండా నిలవదని తెలుసు."

"మరెందుకు చేశావు?"

"మా తమ్ముడి మాట పోకూడదని."

"నీ తమ్ముడి మాట కోసం నా చెయ్యా?" దర్జీ వంకర చెయ్యి ముందుకు చాపింది. "వెళ్ళు. నా గుమ్మం దిగు."

ఆమె దిగింది. ఇప్పుడు సందు చివర చెప్పుల కొట్టులో సోల్సు అంటిస్తోంది. నిజమేమిటో యజమానికి చెబుతానని పెయింటరు ఒకసారి ఆవేశపడ్డాడు. "చెబితే ఆవిడ చెయ్యి తిన్నగా అవుతుందా?" అని ఆపేసింది.

ఈమధ్య తమ్ముడు ఆ కొట్టుకే వచ్చాడు. చేతిలో అద్దంలాంటి ప్లాస్టిక్ ముక్క. అంటించిన అంచు వెంట వెంట్రుకల్లాంటి బీటలు.

"కొత్త పడవ కిటికీలక్కా. అన్నీ ఇలాగే అవుతున్నాయి. ఏ బంక వెయ్యమంటావు?"

చెప్పకూడదనే అనుకుంది. కానీ ఆ కిటికీల పక్కన కూర్చునేవాళ్ళు ఆమెకేం అపకారం చేశారు?

"ఈ ఘాటు బంక ప్లాస్టిక్‌ను తినేస్తోంది. దానికి పడే సాగే రకం అడిగి తెప్పించు. ముందు ముక్క మీద వేసి ఎండలో పెట్టి చూడు. తొందరపడకు."

"అలాగే." వాడు కదల్లేదు. "ఇంటికొకసారి రారాదా? పిల్లలు అడుగుతున్నారు."

"పనుంది" అంటూ ఇంకో చెప్పు అందుకుంది. వాడు కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె కూర్చోమనలేదు.