సలోమి టీచర్ ఫ్లెక్స్ మీద గీత కొట్టింది నేనే

నిన్న పొద్దున డ్యూటీ బస్సులో ఉండగా మహేశ్ ఫోన్ చేశాడు.

"సునీతా, సలోమి టీచర్ పోయిందే. గుండెపోటంట. దవాఖానకు తీస్కపోయే లోపలనే..."

"ఊకో! మొన్న ఆదివారమే మాట్లాడిన" అన్నాను. నేను మాట్లాడితే మనిషి పోదన్నట్టు.

బస్సు సాతంరాయి దాటుతోంది. ఆపమని అరిచి, టీచర్ ఇంటికి పోవడానికి అక్కడే దిగిపోయాను.

ఆమె తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైనప్పుడు మా ఊళ్లలో అందరికీ ఉద్యోగాల మీద ఆశ పుట్టింది. ఇంగ్లిషే రాదు. సలోమి టీచర్ తన ఇంటి ముందు రేకుల షెడ్డులో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేది. నేను మంఖాల్ నుంచి రెండు ఆటోలు మారి వచ్చేదాన్ని. మహేశ్‌దీ నా బ్యాచే.

"నీ గురించి ఒక్క మాటలో చెప్పు" అని ఇంటర్వ్యూలో అడుగుతారు కదా. ఆ మాట టీచర్ ఊరికే ఇచ్చేది కాదు. ముందు మనం చేసిన పని ఒకటి చెప్పాలి. పనిని బట్టే మాట.

నేను గొప్పగా "ఫియర్‌లెస్" అని రాసుకుపోయాను. ఎర్ర పెన్నుతో కొట్టేసింది.

"భయం లేనోళ్లు ఎవరున్నరే? కుక్కను జూస్తే నీకు చెమటలు పడ్తయి. అడగకముందే ముందుకు దుంకితే బోల్డ్. నిలబడ్డ కాడికెల్లి కదలకుంటే ఫర్మ్. భయపడుకుంట కూడా పోతే బ్రేవ్. నువ్వేం జేసినవో చెప్పు, అప్పుడిస్త."

చెప్పుకోవడానికి నా దగ్గర ఏ పనీ లేదు. "హార్డ్‌వర్కింగ్"తో సరిపెట్టుకున్నాను.

ఎయిర్‌పోర్టులో ఒక కాంట్రాక్టర్ కింద హౌస్‌కీపింగ్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంకా పర్మనెంట్ కాకముందు ఒక ప్యాసింజర్ వాచీ పోయింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన లక్ష్మి మీద పడ్డారు. మేనేజర్ ఇంగ్లిష్‌లో ఒక కాగితం టైప్ చేయించి, లక్ష్మితో సంతకం పెట్టించమని నా చేతికిచ్చాడు.

చదివాను. దొంగతనం ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. ఆ షిఫ్టంతా ఆ పిల్ల నా పక్కనే ఉంది.

"నేను పెట్టియ్య సార్" అని కాగితం టేబుల్ మీద పెట్టేశాను.

వారం తర్వాత నా రిపోర్ట్ వచ్చింది. అందులో "ఆరగెంట్" అని ఉంది, అంటే పొగరుబోతు అని. ఆ ఒక్క మాటతో నా ఉద్యోగం పోతుంది. ఏడ్చుకుంటూ టీచర్ దగ్గరికి పోయాను.

"ఏడ్సుడు తర్వాత. నడువు" అంది.

శంషాబాద్‌లో కాంట్రాక్టర్ ఆఫీసుకు పోయాం. మేనేజర్ పక్కన ఆయన పైఆఫీసర్ కూడా ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. టీచరే కుర్చీ గుంజుకుని కూర్చుంది.

"ఆరగెంట్ అని రాసిండ్రు. ఈ పిల్ల ఏం జేసింది సార్?"

"చెప్పిన పని చేయలేదండీ."

"ఏం పని?"

"అది ఆఫీసు సంగతండీ" అన్నాడు మేనేజర్. "ఏం పనయ్యా?" అని పైఆఫీసర్ కూడా అడిగాడు. ఇక నేనే చెప్పేశాను, కాగితం సంగతంతా.

టీచర్ బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసింది. ఆఫీసు రిపోర్ట్ మీదే "ఆరగెంట్" కొట్టేసి, పైన "ఫర్మ్" అని రాసింది!

"తప్పు దిద్దిన సార్. ఇగ సంతకం మీది."

పైఆఫీసర్ కొత్త రిపోర్ట్ రాయించాడు. నా ఉద్యోగం నిలబడింది, లక్ష్మిదీ నిలబడింది. ఆ వాచీ ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

బయటికొచ్చాక టీచర్ నీళ్ల సీసా నా చేతికిచ్చింది.

"మూత నువ్వే తియ్యవే. నా చేతులు జూడు, ఎట్ల వణుకుతున్నయో. కుర్చీ ఎందుకు గుంజుకున్న అనుకున్నవ్? కాళ్లు నిలబడ్తలెవ్వు."

ఇవాళ పొద్దున సమాధుల దగ్గరికి బయలుదేరే ముందు చూస్తే, టీచర్ ఇంటి గేటుకు మహేశ్ కట్టించిన ఫ్లెక్స్ ఉంది. టీచర్ ఫోటో కింద పెద్ద అక్షరాలతో "ఫియర్‌లెస్ లేడీ".

"తీసెయ్ మహేశ్" అన్నాను.

"ఇప్పుడెందుకే లొల్లి? మంచి మాటనే గద."

"మంచి మాటనే. అబద్ధం."

కుర్చీ ఎక్కాను. బ్యాగులోని ఎర్ర మార్కర్‌తో అందరి ముందే "ఫియర్‌లెస్" కొట్టేసి, "బ్రేవ్" అని రాశాను. వెనక నుంచి ఎవరో "ఎంత పొగరు జూడు" అన్నారు. పొద్దుటి నుంచి మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కూడా అదే తిట్టు. తిట్టుకోండి! ఆమె భయాన్ని నేను కళ్లారా చూశాను. ఆ భయంతోనే నాకోసం వచ్చింది. దాన్ని ఫ్లెక్స్ మీద నుంచి తుడిచేస్తే నేనొప్పుకోను.

అక్షరాలు వంకర పోయాయి. నా చేతులూ వణికాయి మరి.

టీచర్, ఇప్పుడు చెప్పుకోవడానికి నా దగ్గర ఒక పని ఉంది. మాట మీరే ఇవ్వాలి.

ఎర్ర పెన్ను పక్కన పెట్టి ఇగ జర నిమ్మళంగా పడుకోండి. మిమ్మల్ని కాసే ప్రభువు దగ్గర ఏ వణుకూ లేకుండా ఉండండి.