వంటింటి హోటల్‌కి ఫోన్

వాషింగ్ మెషిన్ల కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే ఆ మహానుభావుణ్ణి అపార్ట్‌మెంటంతా ఆర్డరయ్య అనే పిలుస్తుంది. తిండంటే అతనికి ప్రాణం, కాకపోతే అది అట్టపెట్టెలో రావాలి. భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆమె కుట్టుమిషను ముసలిదై కుట్లు వదిలేస్తోంది, ఉన్న నలుగురు గిరాకీలూ జారిపోయేలా ఉన్నారు. కొత్తది కొందామని దాచిన ప్రతిసారీ ఆ డబ్బు క్షేమంగా ఆర్డరయ్య కడుపులోకి చేరుతోంది.

చెప్పీ చెప్పీ ఆమెకు నోరు నొప్పి పుట్టింది. చివరికి ఓ ఆట కనిపెట్టింది.

"తినాలనిపిస్తే నాకే ఫోన్ చెయ్యండి. నేనే హోటల్ని. బిల్లు మాత్రం ఈ డబ్బాలో వెయ్యాలి. అది నా మిషనుకి."

ఆర్డరయ్య మురిసిపోయాడు. సోఫాలో కాలుమీద కాలేసుకుని వంటింట్లోకి ఫోన్ కొట్టేవాడు.

"హలో, వేడివేడి సూపొకటి. కూపనేమైనా ఉందా?"

"కూపన్లు కొత్తవాళ్ళకేనండి. మీరు పాతబడిపోయారు."

ఆమె సూపు పట్టుకుని గుమ్మం బయటికెళ్ళి, బెల్లు కొట్టి మరీ అందించేది. తిన్నాక అతను స్టార్లు కూడా ఇచ్చేవాడు, ఎప్పుడూ మూడే. ఎంతైనా ఉదారుడు కదా! డబ్బా మాత్రం నిండుతూ వచ్చింది. ఆమెకు ఆశ పుట్టింది.

ఓ ఆదివారం పక్కింటి టీచరమ్మ గౌనుతో ఆమె కుస్తీ పడుతోంది. మిషను మొరాయించింది, వంట ఆలస్యమైంది. సోఫాలోంచి ఫోన్ వచ్చింది.

"ఆర్డర్ లేటయితే డబ్బు వాపసండీ. రూలంటే రూలే."

ఆమె వేళాకోళమనుకుని నవ్వేసింది. అతను నిజంగానే డబ్బాలోంచి గుప్పెడు నోట్లు తీసి, నిజం హోటల్‌కి ఆర్డరిచ్చాడు.

అట్టపెట్టెలు వచ్చిన వేళకే టీచరమ్మా వచ్చింది. గౌను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమనుకోకమ్మా, ఇంకెక్కడైనా కుట్టించుకుంటాలే" అని పట్టుకుపోయింది. భార్య మూత తీసి ఉన్న డబ్బాను చూసింది, అతని చేతిలోని పెట్టెలను చూసింది. వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

ఆర్డరయ్యకు తల కొట్టేసినట్టయింది. ముఖాముఖి చెప్పే ధైర్యం లేక, అలవాటు కొద్దీ ఫోన్ చేశాడు.

"హోటలాండీ? తప్పు నాదే. ఆ డబ్బు మళ్ళీ వేసేస్తాను."

"మీ కాల్ మాకెంతో ముఖ్యమండి," అందామె, రోజూ అతను జనానికి చెప్పే గొంతుతోనే. "దయచేసి లైన్లో ఉండండి."

ఫోను మిషను పక్కన పెట్టేసింది. ఒక కుట్టు వేసి రెండు వదిలేస్తున్న మిషను చప్పుడు అతని చెవిలో పడుతోంది. పెట్టెల్లో తిండి చల్లారిపోయింది. ఆర్డరయ్య లైన్లోనే ఉన్నాడు.