ఆమెన్ తర్వాత

అమెరికాలోని ట్రాయ్‌లో స్నేహితురాలి ఇంట్లో వారం ఉండి తిరిగి బయలుదేరాను. ఎయిర్‌పోర్ట్‌లో దింపడానికి వాళ్లమ్మాయి రూతు వచ్చింది. అక్కడే పుట్టి పెరిగి, ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల.

బండి కదిలే ముందు ప్రార్థన చేసుకోవడం నాకు అలవాటు. చున్నీ చూస్తే సూట్‌కేసులో ఉండిపోయింది. తల మీద ముసుగు లేకుండా నాకు ప్రార్థన రాదు. చలికోటుకున్న టోపీనే నెత్తి మీదికి లాక్కున్నాను.

రూతు వెంటనే హీటర్ పెంచింది. "చలిగా ఉందా ఆంటీ?"

"కాదమ్మా, ప్రార్థన."

విమానం, నా మోకాళ్లు, మా అబ్బాయి వీసా, అన్నీ వరసగా ప్రభువుకు చెప్పి, ఆమెన్ అని సీటు బెల్టు పెట్టుకున్నాను.

"ఆయన ఏం చెప్పారు ఆంటీ?" అంది రూతు. వెటకారం కాదు. ఫోన్ మాట్లాడి పెట్టేసినవాళ్లను అడిగినట్టు మామూలుగా అడిగింది.

ఇన్నేళ్లలో ఆ మాట నన్ను మా పాస్టరుగారు కూడా అడగలేదు.

"ఎప్పుడూ వినలేదమ్మా. ఆమెన్ అనేసి లేచిపోతాను."

"నేను కొంచెంసేపు వెయిట్ చేస్తా. ఒక్కోసారి ఏం చెప్పరు. అయినా బాగుంటుంది. ఫ్లైట్‌కి చాలా టైమ్ ఉంది ఆంటీ" అంటూ ఇంజిన్ ఆపేసింది.

మళ్లీ టోపీ లాక్కున్నాను. ఈసారి ప్రభువును ఏమీ అడగలేదు.

కళ్లు తెరిచేసరికి ముందు అద్దమంతా మంచు కప్పేసి ఉంది. చలి మాత్రం తెలియలేదు.