విమానం వరుసలో నా చోటు

ఈ సంగతి చెప్పడం నాకిది మొదటిసారి కాదు. పెళ్ళిళ్ళలో చెప్పాను, దినాల్లో చెప్పాను, మనవరాలికి పేరు పెట్టిన రోజు విస్తరి ముందు కూర్చుని చెప్పాను. ఎప్పుడు మొదలుపెట్టినా ఎవరో ఒకరు ఇంకాస్త చారు పోసుకోమనేవారు. నోటితో చెబితే వినలేదు కాబట్టి రాస్తున్నాను.

మొన్న మా అబ్బాయి నన్నూ, మా సరోజక్కనూ, పిల్లలనూ బెంగళూరులో పాత విమానాలు పెట్టిన మ్యూజియానికి తీసుకుపోయాడు. ఒక హాలులో యుద్ధకాలం నాటి చిన్న విమానం ఉంది, చుట్టూ తాడు కట్టారు. దగ్గరికి పోగానే ఎండిన ఆయిలు, పాత తోలు, ఎప్పటిదో వార్నిషు కలగలిసిన వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు. చిన్నప్పుడు ఆదోనిలో, ఒక నిచ్చెన కింద నిలబడి పీల్చిన వాసన అది.

మాది ఎమ్మిగనూరు. అప్పటికి మా ఊళ్ళు బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్త. నాయన గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. తెల్లవారకముందే మొదలయ్యే మగ్గాల చప్పుడు, గంజి పెట్టి వీధి పొడవునా సాగదీసిన పడుగు, దాని కింద దూరి ఆడుకున్నందుకు తగిలే మొట్టికాయలు, ఎండాకాలంలో పులిసిన గంజి వాసన, చలికాలం పొయ్యి బూడిదలో కాల్చుకుని తిన్న శెనక్కాయలు, ఉగాదికి అమ్మ పూర్ణం పెట్టి చేసే ఓళిగల మీద కరిగే నెయ్యి, ఇవే మా లోకం. నెలలో అమావాస్య ఒక్కటే మగ్గానికి సెలవు. ఆ పొద్దు నాయన మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇక గుంటలో కాలు పెట్టేవాడు కాదు. ఊరికి పోవాలన్నా, చుట్టాలను చూడాలన్నా మాకు అమావాస్యే గతి.

నేను ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి. కాన్పులో తలకు బదులు కాళ్ళు ముందొచ్చిన పిల్లవాడు తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. మగ్గం గుంటలో కూర్చునే వీధిలో నడుము పట్టని మనిషి ఎక్కడుంటాడు? బొంగరానికి తాడు చుడుతూ ఉండగానే ఎవరో వచ్చి నన్ను పిలుచుకుపోయేవారు. పెద్దవాళ్ళు చాప మీద బోర్లా పడుకుంటే వాళ్ళ వీపు మీద నడిచేవాణ్ణి, దిగాక చిన్న బెల్లం ముక్క పెట్టేవారు. ఆ పెద్దవాళ్ళే మబ్బు పట్టిన రోజున మాత్రం, ఎదురుకాళ్ళవాళ్ళ మీద పిడుగు పడుతుందంటూ నన్ను తమ అరుగు మీద నుంచి లేపేసేవారు. మా అవ్వకు ఆ భయం మరీ ఎక్కువ. ఉరుము వినబడితే నా చేతిలో ఇనుప చెంచా కూడా ఉండనిచ్చేది కాదు.

పత్తి కాలంలో ఆదోని మైదానంలో ఎగ్జిబిషన్ పెట్టారు. యుద్ధంలో తిరిగి మూలపడ్డ విమానమొకటి రెక్కలు విడదీసి లారీలో తెచ్చి మళ్ళీ బిగించారని, పిల్లలను లోపల కూర్చోబెడుతున్నారని మా వీధికి తెలిసింది. ఇక నాకు నిద్ర పట్టలేదు.

"అమాస పూట ఊరు దాటేదేందిరా?" అంది అవ్వ.

"అమాస గాక ఇంగెప్పుడు మగ్గం దిగేదమ్మా?" అన్నాడు నాయన.

జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, ఎర్రగడ్డలు మూట కట్టుకుని అందరం బస్సెక్కాం. మేనత్త కొడుకు వీరేశు కూడా వచ్చాడు. దారి పొడవునా పత్తి బండ్లు, ఆదోని దగ్గర పడేసరికి జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరిన దూది కంపచెట్లకు తెల్లగా పట్టుకుని ఉంది. విమానం మీదా అక్కడక్కడా దూది అంటుకుంది. కాపలాకు ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన సాయిబు ఉన్నాడు, పిల్లలను ఒక్కొక్కరినే ఎత్తి లోపల కూర్చోబెడుతున్నాడు.

నేను వరుసలో నిలబడగానే అవ్వ నా రెక్క పట్టుకుంది.

"నువ్వొద్దు నాయనా. అమాస పూట, ఎదురుకాళ్ళోడివి, అంత ఇనుము మీద ఎక్కకూడదు."

"ఆకాశంలో మబ్బేది అవ్వా?" అంది సరోజక్క.

"మబ్బొచ్చేకి ఎంతసేపే?"

నాయన విమానం రెక్క అంచును రెండు వేళ్ళ మధ్య పట్టి చూశాడు. తర్వాత నవ్వాడు. "ఇనుము యాడుందమ్మా? ఇది గుడ్డే. గంజి మాత్రం గట్టిగా పెట్టినారు." అమ్మ కూడా తాకి చూసి, "అవునత్తా, గుడ్డే," అంది. అవ్వ నా రెక్క వదిలింది. ఒప్పుకుందో, ఊరుకుందో నాకు ఈనాటికీ తెలియదు.

వీరేశు ఎక్కి దిగాడు. నా ముందు ఇద్దరో ముగ్గురో ఉన్నారనగా, ఒక బొద్దు పిల్లవాణ్ణి ఎత్తబోయిన సాయిబు, "యా అల్లా!" అని వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నడుము పట్టేసింది.

వెంటనే అవ్వ ముందుకు పోయింది. "మా పిలగాడు ఎదురుకాళ్ళతో పుట్టినాడు సాయిబూ. తొక్కిస్తా రాప్పా."

"నువ్వు నడుములు తొక్కేకే పుట్టినావు, పోరా," అన్నాడు వీరేశు.

నేను కదల్లేదు. సాయిబు వంగే ఉండి తల మాత్రం నా వైపు తిప్పి, "నన్ను నిలబెట్టు బేటా. నిన్ను అందరికన్నా ఎక్కువసేపు కూచోబెడతా," అన్నాడు. సరోజక్క నా చెవి దగ్గర, "పోయి రా, నీ చోటు నేను పట్టుకుంటాలే," అంది. ఆ మాట మీద పోయాను.

పక్కనున్న డేరా వెనక ఆయన పట్టా మీద బోర్లా పడుకున్నాడు. గట్టి వీపు. అటు నుంచి ఇటు నడిచాను, ఇటు నుంచి అటు నడిచాను, అవ్వ ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూనే ఉంది. డేరా అవతల వేరే మనిషెవరో పిల్లలను ఎక్కిస్తున్న కేకలు వినబడుతున్నాయి. చివరికి సాయిబు మెల్లగా లేచి నిలబడ్డాడు. నేను పరిగెత్తాను.

నిచ్చెన మొదట్లో సరోజక్క నిలబడి ఉంది. పైన, నేను కూర్చోవలసిన సీటులో, వీరేశు రెండోసారి కూర్చుని ఉన్నాడు. అక్క నన్ను చూసి తల దించుకుంది. అంతలో నాయన, "ఆఖరు బస్సురోయ్!" అని అరుస్తూ వచ్చి నన్ను భుజాన వేసుకున్నాడు. వెనక్కి చూస్తే సాయిబు విమానం పక్కన నిటారుగా నిలబడి, "బేటా, బేటా!" అని చెయ్యి ఊపుతున్నాడు. మా వాళ్ళలో ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

నేను ఏడవలేదు. బస్సులో అక్క తన బొరుగుల పొట్లం నా ఒళ్ళో పెడితే ముట్టలేదు. అరికాళ్ళు మాత్రం తిమ్మిరెక్కి ఉన్నాయి. ఆ తిమ్మిరి కాళ్ళలోంచి పైకి పాకింది, దిగినట్టు నాకు గుర్తు లేదు.

ఇప్పుడు మా వీధిలో పడుగు సాగదీసేవాళ్ళు లేరు. మగ్గం గుంట పూడ్చి దాని మీద బండలు పరిచారు. ఆ మైదానం ఎక్కడుండేదో ఆదోనిలో అడిగితే చూపేవాళ్ళు దొరకలేదు. నడుము పడితే జనం మందు రాసుకుంటున్నారు, ఎదురుకాళ్ళవాణ్ణి పిలవరు. అవ్వ లేదు, అమ్మా నాయనా లేరు, వీరేశూ పోయాడు. మిగిలింది సరోజక్క.

మ్యూజియంలో ఆమె బెంచీ మీద కూర్చుని ఆ విమానాన్ని చాలాసేపు చూసింది. చూసి, "ఆదోనిలో సూసిందాని మాదిరే ఉంది కదరా," అంది. నేను పక్కన కూర్చుని నా చోటు సంగతి అడిగాను. "కాళ్ళు గుంజుతాండాయి, పోదాం పా," అని లేచింది.

అక్కా, విమానం గుర్తుందంటే ఆ పొద్దంతా నీకు గుర్తున్నట్టే. నా చోటు వీరేశుకు ఎందుకిచ్చినావు? నా మీద పిడుగు పడుతుందని అవ్వ ముందే చెప్పి ఇప్పించిందా? ఆ భయం నీకే పుట్టిందా? లేకపోతే నేనొకణ్ణి ఉన్నానని ఆ కాసేపు మరిచిపోయినావా? భయపడి ఇచ్చినావంటే ఇక ఈ మాట ఎత్తను. మరిచిపోయి ఇచ్చినావంటే అదైనా నీ నోటితోనే వినాలి. చారు పోస్తాననొద్దు, కాళ్ళు గుంజుతున్నాయనొద్దు. సెప్పక్కా.